అరవై వస్తువుల సంచి

రైల్వే జంక్షన్ పక్కనున్న తార్‌బహార్ పేటలో, పాత గోదాములో పని ఏడింటికి మొదలవుతుంది. ఆరున్నరకే రెండు తొక్కుడు రిక్షాలు, ఒక ఆటో వచ్చి గేటు ముందు ఆగుతాయి. రిక్షాలు బజారు నుంచి, రైల్వే క్వార్టర్ల నుంచి వస్తాయి. ఆటో ఉస్లాపూర్ కొత్త ఇళ్ల నుంచి వస్తుంది. తెచ్చినదంతా సిమెంటు గచ్చు మీద గుమ్మరిస్తారు. గోడల వెంట ఏడు నీలం డ్రమ్ములు ఉంటాయి: కాగితం, ఇనుము, అల్యూమినియం, గాజు, నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్, పల్చటి కవర్లు. పది గంటలకు టీ వచ్చేలోపు గచ్చు కనబడాలి. అది తిరుమలరావు మాస్టారు పెట్టిన నియమం. గచ్చు కనబడకపోతే ఆయన కూడా టీ తాగడు.

బస్తీ సమితి నడిపే శిక్షణ కేంద్రం అది. కాలో చెయ్యో చూపో చెవో సరిగ్గా లేనివాళ్లని, చదువు తలకెక్కనివాళ్లని తీసుకుని ఆరు నెలలు చెత్త వేరుచేసే పని నేర్పుతారు. ఆఖర్న రాయపూర్ నుంచి ఒక అధికారి వచ్చి పరీక్ష పెడతారు. పాసయినవాళ్లకి అదే గోదాములో ఉద్యోగం. తప్పినవాళ్లు ఇంకొక్కసారి రాయవచ్చు. మూడోసారి లేదు. నేర్పే తిరుమలరావుకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చంకకర్ర ఆనించుకుని గచ్చంతా తిరుగుతూ, ఎవరైనా తప్పు డ్రమ్ములో వేస్తే ఆ కర్రతోనే డ్రమ్ముని టంగున కొడతాడు.

భానుప్రియ పనిచేసేటప్పుడు ఆ చప్పుడు వినబడేది కాదు.

ఆమెకి ముప్పై ఒక్కేళ్లు. నాలుగో తరగతి మూడుసార్లు చదివి మానేసింది. మాట ఆలస్యంగా వస్తుంది. అడిగినవాళ్లు ఒక్కోసారి జవాబు వచ్చేలోపు వెళ్లిపోతారు. ఆమె మాత్రం వాళ్ల వీపు చూసి అయినా సరే జవాబు చెప్పి ఊరుకుంటుంది. గచ్చు మీద ఆమె చేయి నిమిషానికి పది వస్తువులు తీస్తుంది, పదీ సరైన డ్రమ్ములో పడతాయి. చాలాసార్లు ఆమె అటు చూడదు కూడా.

చూడవలసిన అవసరం లేదు. ఆమె చేతిలో చెత్త లాగుతుంది.

ఎవరైనా పారేసిన వస్తువుని భాను పట్టుకుంటే, అది చివరికి ఏ ఊరు చేరాలో ఆ వైపు లాగుతుంది. ఆమె కూర్చున్న బల్ల మీద నిలబెట్టిన సీసా అయితే అటు ఒరిగి నిలబడుతుంది. ఇంట్లో ఈ సంగతి ఆమెకి ఆరేళ్లప్పుడే తెలుసు. నాన్న శంకరరావు రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్. చిన్నప్పుడు భాను ఆయనకి క్యారియర్ పట్టుకెళ్లి, వ్యాగన్లని విడదీసి వేరువేరు లైన్లలోకి నెట్టడం చూస్తూ కూచునేది. "లోపలేటుందో మనకెందుకే అమ్మీ," అనేవాడు శంకరరావు, వ్యాగన్ పక్కన గుచ్చిన కాగితం చూపిస్తూ. "ఎక్కడికెల్తాదో సూడు. గతౌరా మీంచెల్తే హౌరా వైపు. ఉస్లాపూర్ మీంచెల్తే కట్నీ వైపు. మిగిలిందంతా రాయపూరు, నాగపూరు. మూడే కదా." కూతురి చేతిలో పాల కవరు కట్నీ వైపు లాగుతోందని తెలిసినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. దీనికి కూడా లేబుల్ ఉంటుంది, అది మనకి కనబడదు, పిల్ల చేతికి తెలుస్తుంది అనుకున్నాడు.

శిక్షణలో చేరాక మూడు వైపులు ఏడు డ్రమ్ములకి సరిపోలేదు. దానికి దారి భానే కనిపెట్టింది. కాగితం, అల్యూమినియం రెండూ హౌరా వైపే లాగుతాయి. కానీ కాగితం చాంపా దగ్గరి మిల్లుకి పోతుంది కాబట్టి మెల్లగా లాగుతుంది, అల్యూమినియం దూరం పోతుంది కాబట్టి గట్టిగా. నాగపూర్ వైపు ఇనుము మెల్లగా, గట్టి ప్లాస్టిక్ ఒక మోస్తరుగా, నీళ్ల సీసా భుజం నొప్పెట్టేలా. ఇనుము రాయపూర్ కొలిముల దగ్గరే ఆగిపోతుంది మరి. కట్నీ వైపు కవర్లు దగ్గర, గాజు దూరం. వైపు, దూరం, ఈ రెండూ తెలిస్తే డ్రమ్ము తెలిసినట్టే.

ఈ విషయం క్వార్టర్లలో అందరికీ తెలుసు. గార్డు ఉద్యోగం చేసే ఒకాయన తన బదిలీ ఎటు పడుతుందో తెలుసుకుందామని పాత బూట్లు తెచ్చి భాను చేతిలో పెట్టాడు. "పారేశాను అమ్మా, నిజంగా పారేశాను," అన్నాడు. బూట్లు కదల్లేదు. భాను వాటిని కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేసింది. ఆయన బయటకి వెళ్లి గేటు దగ్గర అవే తొడుక్కుని సైకిలెక్కాడు. వాడుకునే వస్తువు లాగదు. నోటితో పారేస్తే లాగదు. మనసులోంచి కూడా పారేయాలి.

ఇంత పనిమంతురాలు ఆగస్టు పరీక్షలో అరవైకి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది.

పరీక్ష పెద్ద కష్టమైనదేమీ కాదు. రాయపూర్ నుంచి వచ్చే హరిప్రియ మేడం నీలం క్యాన్వాస్ సంచిలోంచి అరవై వస్తువులు తీసి బల్ల మీద పరుస్తుంది. పదిహేను నిమిషాల్లో ఏడు డ్రమ్ముల్లో వేయాలి. నలభై ఎనిమిది సరిగ్గా పడితే పాసు. భాను నాలుగు నిమిషాల్లో ముగించింది. అంత వేగంగా ముగించినవాళ్లు అంతకు ముందు లేరు. అరవైకి అరవై ఇనుము డ్రమ్ములో వేసింది. గాజుసీసా, పాల కవరు, వార్తాపత్రిక, అన్నీ. వాటిలో ఇనుప వస్తువులు తొమ్మిది ఉన్నాయి.

గోదాములో ఆ రోజు అందరూ తలలు దించుకుని పనిచేశారు. శివాజీ మాత్రం నవ్వాడు. శివాజీకి పుట్టుకతోనే చెవులు వినబడవు. చెత్తని నొక్కి కట్టలు కట్టే ప్రెస్సు మీద పనిచేస్తాడు. పాల కవరుని వంచడానికి ప్రయత్నించి, అది ఇనుపరేకు అయినట్టు పళ్లు బిగించి అభినయించాడు. భాను కూడా నవ్వింది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఏడవడానికి కారణం ఉంది. శంకరరావు మార్చిలో రిటైర్ అవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. భానుకి ఇక్కడ ఉద్యోగం వస్తే తార్‌బహార్‌లోనే అద్దెకు ఉంటారు. రాకపోతే సొంతూరు పలాస వెళ్లిపోవాలి. అక్కడ బాబాయి ఇంట్లో ఒక గది ఇస్తానన్నాడు. భాను పలాస ఎప్పుడో ఒక పెళ్లికి వెళ్లింది. నాలుగు రోజులూ ఆమెని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ "మా అన్నయ్య పెద్దకూతురు, కొంచెం అదీ" అని చెప్పారు. ఆ నాలుగు రోజులూ ఆమె చేతికి ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు.

"అక్కడ చెత్త నేదా అమ్మా?" అని అడిగింది భాను, పరీక్ష తప్పి ఇంటికొచ్చాక.

"చెత్త ఎక్కడైనా ఉంటాదే," అంది వాళ్లమ్మ చిన్నతల్లి. "నిన్ను ముట్టుకోనివ్వరు."

పరీక్ష తప్పిన ఎనిమిదో రోజున, టీ వేళ, తిరుమలరావు భాను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"భానూ, అన్నీ ఇనుములో ఎందుకేశావమ్మా?"

"అన్నీ రాయపూరే అన్నాయి మాస్టారూ. మెల్లగా లాగాయి. ఇనుము లాగ."

"గాజుసీసా కూడానా?"

"ఊఁ."

ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ సామాను ఎవరిది?"

"మేడంది."

"మేడం పారేసిందా?"

భాను ఆలోచించింది. టీ మీద మీగడ కట్టింది. పక్కబల్ల వాళ్లు లేచి పనిలోకి వెళ్లారు. తిరుమలరావు కదల్లేదు.

"నేదు మాస్టారూ," అంది చివరికి. "లెక్కపెట్టి మళ్లీ సంచిలో పెట్టీసుకుంది."

తిరుమలరావు గ్లాసు కింద పెట్టేశాడు. నాలుగేళ్లుగా అదే సంచి, అవే అరవై. ఊరూరూ తిరిగి మళ్లీ రాయపూర్‌లో మేడం బీరువాలోకే పోతాయి. ఒకప్పుడు చెత్తే. ఇప్పుడు అవి డ్యూటీలో ఉన్నాయి, అందుకే ఆ బీరువా వైపు లాగుతాయి. భాను తప్పు చెప్పలేదు. సామాను ఎక్కడికి పోతుందో అదే చెప్పింది.

ఆయన ఆ సాయంత్రమే ఉత్తరం రాశాడు. ఈ అభ్యర్థికి మా గచ్చు మీది చెత్తతో పరీక్ష పెట్టండి అని. రెండు వాక్యాల జవాబు వచ్చింది. పరీక్ష సామగ్రి అందరికీ ఒకటే. రెండో ప్రయత్నం నవంబరు పంతొమ్మిదిన.

దాంతో భాను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది, ఈసారి చేత్తో కాదు, కంటితో. శివాజీ గురువయ్యాడు. గచ్చు మీంచి అరవై వస్తువులు ఏరి ప్రెస్సు పక్కన పెట్టెలో దాచాడు, భాను చేతికి అవన్నీ ఆ పెట్టె వైపే లాగేవి; ఒక్కోటీ పైకెత్తి చూపించి సైగ చేసేవాడు. గాజుకి వేలిగోరుతో పంటిమీద టిక్కుమనడం. ఇనుముకి పిడికిలి. పల్చటి కవరుకి బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదడం. గట్టి ప్లాస్టిక్‌కి తిరుమలరావు నడక. మాస్టారు చూడనప్పుడు మాత్రమే. ఒకసారి చూశాడు. "అరే, నా కాలు ప్లాస్టిక్ అయిపోయిందిరా," అని కర్రతో శివాజీ ప్రెస్సుని టంగున కొట్టాడు. శివాజీకి వినబడలేదు గానీ అదురు తెలిసి నాలిక కరుచుకున్నాడు.

చేయి ఒకవైపు లాగుతుంటే కన్ను ఇంకోవైపు చెప్పడం తేలిక కాదు. సెప్టెంబరులో పదిహేను నిమిషాలకి ఇరవై రెండు వేసింది. అక్టోబరు ఆఖరుకి ముప్పై నాలుగు. నవంబరు రెండో వారంలోనూ ముప్పై నాలుగే.

"నీ చిన్నప్పుడు నాను తప్పు చెప్పీసాను," అన్నాడు శంకరరావు, డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ. "లేబుల్ సూడకే. వ్యాగన్ సూడు. లోపలేటుందో సూడు."

"లోపల సూస్తే ఎక్కడికెల్తాదో తెలీదు నాన్నా."

"తెలీనక్కర్నేదు. మేడంకి అది అక్కర్నేదు."

భాను పీట వాల్చుకుంది. చిన్నతల్లి అన్నాలు వడ్డించేసింది. "మరి ఎందుకు వేరుచేస్తారు?" అంది భాను, తండ్రి రెండో ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు. శంకరరావు నమలడం ఆపి కూతురి చేతుల వంక చూశాడు.

పంతొమ్మిదో తేదీ పొద్దున్నే హరిప్రియ వచ్చింది. వరంగల్ వైపు మనిషి. రాయపూర్‌లో ఆరేళ్లుగా ఉద్యోగం. సంచి ఎడమ భుజానికి, గొడుగు కుడిచేతికి. గేటు దాటగానే తిరుమలరావు ఎదురెళ్లాడు.

"మేడం, ఆ ఉత్తరం..."

"చదివిన సార్. జవాబు కూడ నేనే రాసిన." ఆమె నడుస్తూనే ఉంది. "మీరు చెప్పింది అబద్ధం అంటలేను. పోయినసారి బల్ల మీద సీసాలన్నీ ఒక్క దిక్కే ఒరిగినయి. బల్ల ఎగుడుదిగుడు అనుకుని కాలు కింద కాగితం మడత పెట్టిన. అయినా ఒరిగినయి. నాకు తెల్సు."

"మరి?"

"ఆరు జిల్లాలు తిరుగుత నేను. కోర్బాలో ఒకాయన చెయ్యి వణికి ఒక సీసా పగిలింది. అసొంటిదే దొరికే దాంక రెండు రోజులు బజార్లు పట్టుకుని తిరిగిన. ఎందుకు? ఒకరికి తేలిక, ఒకరికి కష్టం కావొద్దని. ఇయాల ఈమె కోసం మారిస్తే రేపు ఇంకొకరు అడుగుతరు."

తిరుమలరావు పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఆమె చెప్పింది న్యాయమే. అదే ఆయనకి కష్టంగా ఉంది.

ఆ రోజు ఐదుగురికి పరీక్ష. మొదటి నలుగురూ పాసయ్యారు. పన్నెండింటికి భాను వంతు. హరిప్రియ ఒక్కొక్క వస్తువే తీసి బల్ల మీద పరిచింది. వాటిని తీయడంలో ఇంట్లో గిన్నెలు సర్దుకునే అలవాటు కనబడింది.

"ఇది మా అమ్మ పంపిన నిమ్మకాయ పచ్చడి సీసా," అంది, భాను చూస్తోందని. "పచ్చడి అయిపోయి నాలుగేండ్లయింది. సంచి తయారుచేసేటప్పుడు గాజు తక్కువపడి ఇది వేసిన. ఈ డబ్బా మా పక్క రూము అమ్మాయిది. అన్నీ నేను ఏరినవే."

భాను కుర్చీలో కూర్చోగానే బల్ల మీది నిలువు వస్తువులన్నీ మెల్లగా ఒరిగాయి, రాయపూర్ వైపు. ఇనుము డ్రమ్ము కూడా అటే ఉంది.

హరిప్రియ నియమాలు హిందీలో చదివి, తర్వాత తెలుగులో చెప్పింది. అరవై వస్తువులు, అందరికీ అవే. ఏడు డ్రమ్ములు. పదిహేను నిమిషాలు. అభ్యర్థికి ఎవరూ చేత్తోగానీ మాటతోగానీ సాయం చేయకూడదు. ఫోన్‌లో గడియారం నొక్కింది.

భాను మొదట నీళ్ల సీసా తీసింది. ఉఫ్ కాదు, పిడికిలి కాదు. శివాజీ తల పైకెత్తి తాగినట్టు చేసే సైగ గుర్తు తెచ్చుకుంది. ఐదో డ్రమ్ము. సీసా రాయపూర్ వైపు లాగుతుంటే మోచెయ్యి బిగబట్టి తీసుకెళ్లి వేసింది. తర్వాత అట్టముక్క. తర్వాత మేకుల పొట్లం, అది దానంతటదే పోయి పడింది. తర్వాత ఒక మూత. ఇనుమా, అల్యూమినియమా? మెరుస్తోంది. కన్ను చెప్పలేకపోయింది. ఇనుములో వేసింది, చెయ్యి అలిసిపోయి ఉన్నందుకు.

కిటికీ అవతల శివాజీ నిలబడ్డాడు. ప్రెస్సు ఆగిపోయింది. ఏ సైగా చేయకూడదని రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

ఐదో నిమిషానికి పదకొండు. తొమ్మిదో నిమిషానికి ఇరవై. ఇంకా నలభై ఉన్నాయి, ఆరు నిమిషాలు ఉన్నాయి. లెక్క తిరుమలరావుకి తెలుసు, హరిప్రియకి తెలుసు. భానుకి అంకెలు అంతగా తెలియవు గానీ బల్ల ఇంకా ఎంత నిండుగా ఉందో కనబడుతోంది. పలాస అరుగు గుర్తొచ్చింది. ఎర్రగచ్చు అరుగు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూచోవడం.

పచ్చడి సీసా తీసింది. ఇది గాజు, టిక్కుమనేది, నాలుగో డ్రమ్ము. కట్నీ వైపు గోడ దగ్గర ఉంది ఆ డ్రమ్ము. సీసా అటు రానంది. భాను రెండు చేతులతో పట్టుకుంది. సీసా ఆమె చేతుల్లో వణుకుతూ, తాడు కట్టిన దూడలాగా, వెనక్కి తిరిగి రాయపూర్ వైపే గుంజుతోంది.

హరిప్రియ పెన్ను పక్కన పెట్టింది. సీసా వంక చూసింది. తర్వాత బల్ల వంక. తల ఒంచి ఒకే దిక్కు చూస్తున్న డబ్బాలు, బుడ్లు, సీసాలు.

"ఇవన్నీ నా బీరువా దిక్కే చూస్తున్నయి," అంది, తనలో తనే.

గడియారం నడుస్తోంది. ఆమె నియమాల కాగితం మళ్లీ తీసి చదివింది. నాలుగు వాక్యాలూ. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. భానువైపు చూడకుండా, తిరుమలరావు వైపు తిరిగింది.

"సార్, ఒక మాట. మీ గోదాములో బయటివాళ్ల సామాను తీసుకుంటరా?"

"ఏ సామాను మేడం?"

"ఈ అరవై."

తిరుమలరావు కర్ర చంకలోంచి కొంచెం జారింది. సర్దుకున్నాడు. "మీ కిట్టు కదా."

"కిట్టే. అందరికీ ఒకటే సామాను ఉండాలె అని రాసి ఉన్నది. ఈ రోజు ఐదుగురికీ ఒకటే పెట్టిన. రాయపూర్‌కి తిరిగి తేవాలె అని యాడా రాసిలేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నాలుగేండ్లు మోసిన. ఇగ మొయ్య. తీసుకుంటరా?"

బూట్లు తెచ్చిన గార్డు సంగతి ఆయనకి తెలుసు. "నోటిమాటగా అయితే కుదరదు మేడం."

"నోటిమాట కాదు." హరిప్రియ పచ్చడి సీసా వంక ఇంకొక్కసారి చూసింది. మూత మీద వాళ్లమ్మ చేతిరాత అరిగిపోయి, నూనెమరక మాత్రం మిగిలింది. "పారేస్తున్న. అమ్మ ఇంకో సీసా పంపుతది."

భాను చేతుల్లో సీసా నెమ్మదించింది.

ఒక క్షణం ఎటూ లాగలేదు. తర్వాత నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిల్లినట్టు మెల్లగా తిరిగి, కట్నీ వైపు, దూరంగా, గట్టిగా లాగింది. భాను చేయి వదులు చేసింది. సీసా నాలుగో డ్రమ్ములో తనంతట తాను దిగింది.

బల్ల మీద మిగిలినవి ఒకటొకటిగా తలలు తిప్పుతున్నాయి. వార్తాపత్రిక మూల చాంపా వైపు లేచింది. సెంటు డబ్బా హౌరా వైపు దొర్లబోయి అంచున ఆగింది. పాల కవర్లు ఉస్లాపూర్ వైపు, షాంపూ సీసా నాగపూర్ దారిలో మధ్యకి. గాలి వేసినప్పుడు బట్టల తాడు మీద కదలిక ఎలా ఉంటుందో అలా ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఒక్కో బట్టకీ వేరే గాలి.

భాను లేచి నిలబడింది. కూర్చుని చేసే పని కాదు అది. రెండు చేతులతోనూ తీయడం మొదలుపెట్టింది. కుడిచేత్తో హౌరా, ఎడమచేత్తో నాగపూర్. ఆమె కళ్లు డ్రమ్ముల మీద లేవు, కిటికీ మీద ఉన్నాయి. కిటికీలో శివాజీ నోరు తెరిచి ఉన్నాడు, చేతులు ఇంకా చంకల్లోనే. పద్నాలుగో నిమిషం దాటింది. ఆఖరి మూత అల్యూమినియం డ్రమ్ములో పడేటప్పటికి ఫోన్‌లో పంతొమ్మిది సెకన్లు మిగిలి ఉన్నాయి.

హరిప్రియ ఒక్కో డ్రమ్మూ వంచి చూసి కాగితం మీద టిక్కులు పెట్టింది. తొందరపడలేదు. మొదట కంటితో వేసిన ఇరవైలో మూడు తప్పులున్నాయి. ఆ మూడింటికీ ఎర్ర సున్నా చుట్టింది. యాభై ఏడు. కిందన రెండు గీతలు గీసి పాస్ అని రాసి సంతకం పెట్టింది.

ఆమె సంతకం పెడుతుంటే భాను ఇనుము డ్రమ్ములోకి వంగి మెరిసే మూత తీసింది. పట్టుకుని చూసి అల్యూమినియంలో వేసింది. గట్టి ప్లాస్టిక్‌లోంచి ఒక కవరు, కాగితంలోంచి ఇంకో కవరు తీసి వాటి చోట వేసింది.

"టైం అయిపోయిందమ్మా," అంది హరిప్రియ. "ఇప్పుడు మార్చినా మార్కులు మారవు."

భాను ఆమె వైపు తిరిగింది. హరిప్రియ జవాబు కోసం ఆగింది. పెన్ను మూత పెట్టింది, గొడుగు తీసుకుంది, మళ్లీ కింద పెట్టింది. ఆగింది.

"మార్కులకి కాదు మేడం," అంది భాను. "బండికి. తప్పు డ్రమ్ములో ఉంటే తప్పు ఊరు ఎలిపోతాది."

హరిప్రియ తలూపింది. రాయపూర్ బండి మూడింటికి. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. తర్వాతి పరీక్ష కోర్బాలో. ఆటోలోంచే అక్కడి కేంద్రానికి ఫోన్ చేసింది. సామాను నేను తేను, ఆ రోజు పొద్దున మీ గచ్చు మీద పడినదాంట్లోంచి అరవై తీసి పెట్టండి, అందరికీ అదే, అని హిందీలో చెప్పడం గేటు దాకా వచ్చిన తిరుమలరావుకి వినబడింది.

ఆయన లోపలికి వచ్చేసరికి శివాజీ ప్రెస్సు మొదలుపెట్టాడు. భాను ఉస్లాపూర్ ఆటో తెచ్చిన కుప్ప ముందు కూచుని ఉంది. పరీక్ష మూలంగా ఆ పూట గచ్చు ఇంకా కనబడలేదు.

సాయంత్రం శంకరరావు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. చిన్నతల్లికి కూడా ఇంకా ఏమీ తెలియదు. భాను వచ్చి ఐదు నిమిషాలే అయింది, చెప్పులు విప్పి గడపలో కూచుంది.

"ఏటయింది అమ్మీ?" అన్నాడు శంకరరావు.

భాను తండ్రి ముఖం చూసింది. చిన్నతల్లి పొయ్యి తగ్గించి గుమ్మంలోకి వచ్చింది. శంకరరావు చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా చుట్టిన కర్రలు అలాగే ఉన్నాయి. బయట ఒక గూడ్సు మొదలునుంచి ఆఖరిదాకా వెళ్లిపోయింది. ఇద్దరూ అది అయ్యేదాకా నిలబడ్డారు.

"పలాస ఎల్లం నాన్నా," అంది భాను.

శంకరరావు జెండాలు భార్య చేతికిచ్చాడు. యూనిఫాం విప్పలేదు, నీళ్లు కూడా తాగలేదు. తార్‌బహార్‌లో గోదాముకి దగ్గరగా అద్దెకి ఇల్లు ఎక్కడుందో కనుక్కోవడానికి వచ్చినవాడు వచ్చినట్టే తిరిగి బయల్దేరాడు.